క్వాలిస్ టైమింగ్ బెల్ట్ మార్చబోతే క్రాంక్ బోల్టు దగ్గరే ఆగిపోయాం, సలహా చెప్పండి

కోనసీమ_క్వాలిస్ (ముమ్మిడివరం)
అందరికీ నమస్కారమండి. మా నాన్నగారి 2003 క్వాలిస్, 2.4 డీజిల్. మీటరు 2 లక్షల 60 వేలు దాటింది. టైమింగ్ బెల్ట్ (ఇంజన్ ఇరుసులు, డీజిల్ పంపు ఒకే లయలో తిరిగేలా చూసే రబ్బరు పట్టీ) ఎప్పుడు మార్చారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, బిల్లులూ లేవు. చెల్లి పెళ్లి దగ్గరకొస్తోంది, బండి తిరుగుళ్లు ఎక్కువ. దారిలో బెల్ట్ తెగితే ఇంజన్ పోతుందని అందరూ భయపెట్టారు. అందుకే మా ఊరి షెడ్డులో పెట్టాం.

రేడియేటర్, ఫ్యాను, పైబెల్టులు విప్పేవరకు ఏ ఇబ్బందీ లేదు. క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) చివరుండే పుల్లీ మధ్యలోని పెద్ద బోల్టు మాత్రం కదలనంటోంది. గేర్లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, పానాకి పైపు తొడిగి ఇద్దరు వేలాడితే బండి కదులుతోంది గానీ బోల్టు కదలట్లేదు. 2022 జులై వరదల్లో ఈ బండి పి.గన్నవరం దగ్గర లంకలో మా మావయ్య గారింట్లో ఉండిపోయింది. బంపర్ దాకా నీళ్లు వచ్చాయి. ఈ తుప్పు అప్పటిదేనని మెకానిక్ అంటున్నాడు. గ్యాస్ పెట్టి కాలుద్దామంటున్నాడు. కాల్చనివ్వొచ్చా?

రావులపాలెం_రవాణా
దానికి గ్యాసెందుకు తమ్ముడూ. పానాకి పొడుగు పైపు తొడిగి, రెండో చివర ఛాసిస్‌కి ఆనించి, ఒక్కసారి సెల్ఫ్ కొట్టండి. టప్‌మని వదిలేస్తుంది. మా మినీ వ్యాన్లకి అన్నింటికీ అలాగే తీస్తాం.

డిపో_పాతకాపు (పాలకొల్లు)
రవాణా గారూ, మీరు చెప్పిన పద్ధతి పని చేస్తుంది, కాదనను. కానీ ఆ పైపు జారితే ఎవరి చేతి మీద పడుతుందో చెప్పలేం. పైగా ఇది డీజిల్. పంపు దగ్గర ఇంధనం ఆపే సోలినాయిడ్ వైరు పీకకుండా సెల్ఫ్ కొడితే ఇంజన్ అందుకుంటుంది, పైపు ఇంకా అక్కడే ఉంటుంది. ఒక కుర్రాడి మణికట్టు విరగడం గ్యారేజీలో నా కళ్లతో చూశాను. సలహా ఇచ్చేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాలి.

క్వాలిస్ గారూ, గ్యాస్ వద్దు. ఆ పుల్లీ వెనకే క్రాంక్ ఆయిల్ సీలు, అంటే నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు, ఉంది. అదెలాగూ మార్చాల్సిందే అనుకున్నా, ఆ వేడికి అక్కడున్న నూనె, మురికి అంటుకుంటే షెడ్డులో ఆర్పేదెవరు?

చిన్న గేర్లో పెడితే ఇంజన్ పట్టు బాగుంటుందని అందరూ అనుకుంటారు. ఇక్కడ లెక్క తలకిందులు. బోల్టు మీద మీరు పెట్టే బలం గేర్ నిష్పత్తి అంత రెట్లు పెరిగి చక్రాలకి చేరుతుంది. ఫస్ట్ గేర్లో అది చాలా ఎక్కువై చక్రాలు తిరిగిపోతాయి. కాబట్టి టాప్ గేర్ వెయ్యండి. హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ముల మీదే పనిచేస్తుంది, పాత బండిలో అది చాలదు. ఒక మనిషిని లోపల కూర్చోబెట్టి కాలి బ్రేకు గట్టిగా తొక్కించండి, నాలుగు చక్రాలకీ దిమ్మలు పెట్టండి. ముందురోజు రాత్రి బోల్టు చుట్టూ డబ్ల్యూడీ-40 గానీ, డీజిల్‌లో కాస్త కిరోసిన్ కలిపి గానీ పోసి వదిలెయ్యండి.

అప్పటికీ రాకపోతే హైవే మీద లారీ టైర్ల షాపు వాళ్లని పిలవండి. వాళ్ల ఎయిర్ గన్ దెబ్బకి ఇలాంటివి వస్తాయి. రేడియేటర్ తీసేశారు కాబట్టి గన్ పట్టడానికి చోటు ఉంటుంది. ఇంకో మాట, ఫ్లైవీల్ పళ్ల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఆపడానికి ఎవరైనా చూస్తే చెయ్యి పట్టుకుని ఆపండి. పన్ను విరిగితే ఇక గేర్ బాక్స్ దించాలి.

కోనసీమ_క్వాలిస్
ఆయ్, అలాగేనండి. రేపు ప్రయత్నించి చెబుతాను.

తణుకు_శాంత్రో
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది 2011 శాంత్రో జింగ్. ఇప్పటికి 38 వేలే తిరిగింది, మావారు స్కూటీ మీదే వెళ్తారు. కిలోమీటర్లు తక్కువే కాబట్టి బెల్ట్ జోలికి వెళ్లక్కర్లేదు కదండీ?

మస్కట్_రాజోలు
వెళ్లాలి అక్కా. అది రబ్బరు. కిలోమీటర్లతో సంబంధం లేకుండా ఏళ్లకి కూడా ముసలిదవుతుంది. తిరగని బండిలో ఒకే వంపులో ఉండిపోయి ఇంకా త్వరగా బిరుసెక్కుతుంది. ఇన్నేళ్లయిందంటే కిలోమీటర్లు చూడకుండా మార్చెయ్యండి.

భీమవరం_చెరువుగట్టు
మాది స్విఫ్ట్ డీజిల్, చైను. మాకీ గొడవ లేదు, హాయి.

మస్కట్_రాజోలు
చైను తెగదని కాదు బ్రదర్, సాగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ముందువైపు గరగరమని శబ్దం వస్తే హాయి అనకండి. ఆయిల్ టైముకి మార్చకపోతే ఆ చైనుకి బిగువిచ్చే టెన్షనర్ దెబ్బతింటుంది, అది ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తుంది. దాని గురించి వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ క్వాలిస్ తేల్చనివ్వండి.

కోనసీమ_క్వాలిస్
బోల్టు వచ్చేసిందండీ! పాతకాపు గారు చెప్పినట్టు టాప్ గేరు, కాలి బ్రేకు, ఎయిర్ గన్. తీరా చూస్తే బోల్టు మరల మీద తుప్పు లేదు, తల కింద వాషర్ దగ్గరే పట్టేసింది.

ఇప్పుడు పుల్లీ రావట్లేదు. మూడు కాళ్ల పుల్లర్ అంచుకి తగిలించి బిగించారు. అంచు కాస్త ఊగినట్టు అనిపించింది, నాకు భయమేసి ఆపమన్నాను.

మస్కట్_రాజోలు
మంచి పని చేశారు. అంచు పట్టుకుని లాగకూడదు. పుల్లీ నడుమ రబ్బరు పొర ఉన్న రకమైతే బయటి చక్రం ఊడి విడిగా వచ్చేస్తుంది. అప్పుడు కొత్త పుల్లీ వెతుక్కోవాలి, పాత బండికి అది దొరకడం కష్టం. ముఖం మీద చూడండి, మరలు కోసిన రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో బోల్టులు బిగించి, మధ్యన నొక్కే పుల్లర్ వాడాలి. మరీ మొండిగా ఉంటే పుల్లర్ బిగువు మీద ఉంచి, ఆ పుల్లర్ మధ్య బోల్టు తల మీద సుత్తితో ఒక్క దెబ్బ.

నేను మస్కట్‌లో హైలక్స్, హయేస్ డీజిల్‌లు చేస్తుంటాను. క్వాలిస్‌ది కూడా ఆ 2ఎల్ కుటుంబం ఇంజనే. చోట్లు దాదాపు ఒకటే.

భీమవరం_చెరువుగట్టు
ఆ రేడియేటర్ తీసినప్పుడు లోపల రంగు ఎలా ఉందో చూశారా? మన దగ్గర అసలు గొడవ అక్కడ మొదలవుతుంది. కూలెంట్ ఖరీదని బోరు నీళ్లు పోస్తారు. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, మా రొయ్యల చెరువుల పక్క బోర్ల సంగతి చెప్పక్కర్లేదు. రెండేళ్లలో వాటర్ పంపు రెక్కలు తినేస్తుంది. నా పాత జీపుకి థర్మోస్టాట్ మూత బోల్టు తిప్పితే తల తెగి చేతికొచ్చింది, మిగతాది లోపలే ఉండిపోయింది. చివరికి దాని మీద ఒక నట్టు వెల్డింగ్ పెట్టి తీయాల్సొచ్చింది. వెల్డింగ్ వేడికి ఆ ముక్క సడలి వచ్చేసింది లెండి, అదృష్టం.

కోనసీమ_క్వాలిస్
రంగా? టీ డికాక్షనే. మా మావయ్య బోరు నీళ్లే పోసేవాడు.

రావులపాలెం_రవాణా
ఒక మాట చెబుతాను కోప్పడకండి. ఇరవై ఏళ్లు దాటిన బండికి ఇంత ఖర్చెందుకు? అమ్మేసి ఏదైనా చిన్నది కొనుక్కోండి. ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్ అని తిరగడం వేరే.

కోనసీమ_క్వాలిస్
నాన్నగారి దగ్గర ఆ మాట నేననలేనండి. మీరు అనగలిగితే ఫోన్ కలుపుతాను.

డిపో_పాతకాపు
క్వాలిస్ గారూ, ఒకటి అడగడం మర్చిపోయాను. కీ ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఉంచినప్పుడు మీటర్లో ఆయిల్ లైటు, ఛార్జింగ్ లైటుతో పాటు టీ-బెల్ట్ లైటు కూడా ఒకసారి వెలగాలి. వెలుగుతుందా? లక్ష దాటగానే గుర్తు చేయడానికి పెట్టిన లైటు అది. 2 లక్షల దగ్గర ఒకసారి వెలిగి ఉండాలి మీకు.

కోనసీమ_క్వాలిస్
వెలగదండి. ఎప్పుడూ వెలగగా చూసిన గుర్తు లేదు.

పుల్లీ వచ్చింది. రెండు రంధ్రాల పుల్లర్‌తో ఎంత సునాయాసంగా వచ్చిందంటే మెకానిక్కే నవ్వుకున్నాడు. కవర్ విప్పితే లోపల అసలు కథ ఉంది. బెల్ట్ కింది సగం నూనెలో నానిపోయి ఉబ్బి ఉంది. రెండు పళ్ల మొదట్లో చీలిక. ముందు సీలు కారుతోంది. సీలు పెదవి కూర్చునే చోట గోటికి తగిలేంత గాడి పడింది. ఇంకోటి, క్రాంక్ మీది చిన్న పళ్ల చక్రం పట్టుకుని ఊపితే ఒక వెంట్రుకవాసి కదులుతోంది. ఇది మామూలేనా?

డిపో_పాతకాపు
మామూలు కాదు. దీన్ని వదిలేస్తే మిగతా పనంతా దండగ.

ఆ చక్రాన్ని క్రాంక్ మీద కదలకుండా ఉంచేది చిన్న కీ, అంటే గాడిలో కూర్చునే ఇనుప ముక్క. ఎప్పుడో ఆ పెద్ద బోల్టు చాలినంత బిగువు లేకుండా బిగించి ఉంటారు. ఇంజన్ కొట్టుకునే ప్రతిసారీ చక్రం కీకి తగిలి, కీ పక్కలు అరిగి, ఆ తర్వాత గాడి కూడా వెడల్పవుతుంది. అలా ఆట ఉన్నప్పుడు మీరు చక్రాల మీది టైమింగ్ గుర్తులు ఎంత బాగా కలిపినా ఇంజన్ తిరిగేటప్పుడు అవి అక్కడ ఉండవు. ముందు కీ తీసి చూడండి. కీ ఒక్కటే అరిగితే కొత్త కీతో పోతుంది. క్రాంక్ గాడి కూడా వెడల్పయితే మంచి లేత్ మనిషికి చూపించి, గాడి కొలతకి సరిపడా కీ చేయించండి. అతను మెత్తటి ఇనుముతో చేయబోతే ఒప్పుకోకండి. చక్రం లోపలి గాడి పోతే చక్రమే మార్చాలి.

సీలు సంగతి. గాడి పడిన చోటే కొత్త సీలు పెదవి కూర్చుంటే మళ్లీ కారుతుంది. చోటు ఉంటే సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడాగా కూర్చోబెట్టండి, పెదవి మంచి చోట పడుతుంది. క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సీలు కూడా ఇప్పుడే మార్చండి, డీజిల్ పంపు ముందు సీలు తడిగా ఉందో లేదో చూడండి. ఈ సీళ్లు పెద్ద ఖరీదేం కాదు, మళ్లీ ఈ విప్పుడు కూలీ పెట్టుకోవడం ఎందుకు? టెన్షనర్ బేరింగు, దాని స్ప్రింగు తప్పనిసరి. చేత్తో తిప్పి “బాగానే ఉంది” అనే మాట నమ్మొద్దు. గ్రీజు ఎండిన బేరింగు చేతికి ఇంకా మెత్తగా తిరుగుతుంది.

తణుకు_శాంత్రో
పాతకాపు గారూ, మా మెకానిక్ బెల్ట్ ఒక్కటి చాలంటున్నాడు. సీళ్లూ బేరింగూ మార్చమని నేను గట్టిగా చెప్పొచ్చా?

డిపో_పాతకాపు
చెప్పండమ్మా. మీ బండి, మీ డబ్బు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పమనండి. పాత సామాను మీకు చూపించమని కూడా అడగండి.

కోనసీమ_క్వాలిస్
విజయవాడ ఆటోనగర్ వెళ్లొచ్చాను. క్రాంక్ గాడి బాగానే ఉంది, కీ ఒక్కటే అరిగింది, కొత్తది దొరికింది. సీళ్లు, బేరింగు, స్ప్రింగు తెచ్చాను. బెల్ట్ దగ్గర టెన్షన్ పెట్టారు. మొదటి షాపులో ఇచ్చినదాన్ని పాత బెల్ట్ పక్కన పెట్టి పళ్లు లెక్కపెడితే సమానమే. కానీ వెడల్పు ఒక మిల్లీమీటరు తక్కువ, వీపు మీద అచ్చు గోటితో గీకితే చెరిగిపోయింది. పెట్టె మాత్రం అసలుదానికంటే అందంగా ఉంది. పక్క వీధిలో వేరేది తీసుకున్నాను.

రావులపాలెం_రవాణా
పళ్లు లెక్కపెట్టడం మంచి అలవాటు. పెట్టె చూసి కొనేవాళ్లే ఎక్కువ.

మస్కట్_రాజోలు
ఇప్పుడు బిగించేటప్పుడు జాగ్రత్తలు. కొత్త బెల్ట్‌ని మడవకండి, లోపలికీ బయటికీ మెలిపెట్టకండి. లోపలి దారాలు విరిగితే పైకి కనబడదు.

క్రాంక్, క్యామ్ గుర్తులు అందరూ కలుపుతారు. తిప్పలు పెట్టేది ఇంజెక్షన్ పంపు చక్రం. లోపలి స్ప్రింగు బిగువు వల్ల అది గుర్తు దగ్గర నిలబడదు. వదలగానే ముందుకో వెనక్కో జారిపోతుంది. ఒకరు పానాతో పట్టుకుని ఉండగా ఇంకొకరు బెల్ట్ ఎక్కించాలి. టెన్షనర్ లేని వైపు బెల్ట్ బిర్రుగా ఉండాలి, వదులంతా టెన్షనర్ వైపే రావాలి. టెన్షనర్‌ని రాడ్డుతో ఎత్తి బిగించొద్దు, బిగువు దాని స్ప్రింగే ఇస్తుంది. బోల్టు వదులుగా ఉంచి, క్రాంక్‌ని చేత్తో గడియారం తిరిగే వైపే రెండు చుట్లు పూర్తిగా తిప్పండి. వెనక్కి వద్దు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరిగి మొదటి చోటుకి వస్తుంది. అప్పుడు మూడు గుర్తులూ మళ్లీ చూసి టెన్షనర్ బోల్టు బిగించండి. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా ఏదో తగిలినట్టు ఆగితే బలం పెట్టకండి. అది వాల్వు పిస్టన్‌కి తగలడమే. కంప్రెషన్ బరువు మెత్తగా ఉంటుంది, ఆగి చూస్తే మెల్లగా దిగుతుంది. తేడా చేతికి తెలుస్తుంది.

తేలిగ్గా తిరుగుతుందని గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌కి లోపల వేడి చేసేవి) తీయమంటారు కొందరు. పాత ఇంజన్లో అవి విరిగి హెడ్డులో ఉండిపోతే అదొక కొత్త పని. ఓపిగ్గా తిప్పండి చాలు.

కోనసీమ_క్వాలిస్
అన్నీ మీరు చెప్పినట్టే చేశాం. మొదటిసారి రెండు చుట్లు తిప్పాక క్యామ్ గుర్తు అర పన్ను తప్పింది, మళ్లీ తీసి పెడితే సరిపోయింది. మూడు గుర్తులూ గీతకి గీత. బండి స్టార్ట్ అయింది.

కానీ శబ్దం! ఇనుప గొట్టంలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు కొడుతోంది. వెంటనే ఆపేశాం. బెల్ట్ మార్చకముందు ఈ శబ్దం లేదు. మా మెకానిక్ తల పట్టుకున్నాడు. పాత బెల్ట్ తీసేముందు చక్రాల మీద తెల్ల పెయింటు చుక్కలు ఉన్నాయి. పంపు చక్రం దగ్గర ఆ చుక్క, పోతపోసిన అసలు గుర్తుకి ఒక పన్ను పక్కన ఉంది. మేం అసలు గుర్తునే నమ్మాం. తప్పా?

రావులపాలెం_రవాణా
పంపు పోయింది. రీకండిషన్ చేయించుకోవాల్సిందే.

భీమవరం_చెరువుగట్టు
నిన్నటిదాకా బాగా నడిచిన పంపు ఒక్క రోజులో ఎలా పోతుందండీ?

డిపో_పాతకాపు
ఎవరూ తొందరపడకండి. బండి మళ్లీ స్టార్ట్ చేయొద్దు. క్వాలిస్ గారూ, టార్చి పట్టుకుని పంపు ఒళ్లు ఇంజన్‌కి బిగించే చోట చూడండి. పంపు అంచు మీద ఒక గీత, దానికి ఎదురుగా ఇంజన్ కేసు మీద ఇంకో గీత ఉంటాయి. రెండూ ఒకే వరసలో ఉన్నాయా?

కోనసీమ_క్వాలిస్
లేవండి! నాలుగైదు మిల్లీమీటర్లు ఎడంగా ఉన్నాయి. బిగింపు నట్టు గాడిలో ఒక చివరికి జరిగి ఉంది.

డిపో_పాతకాపు
అనుకున్నాను. మీ ముందు బెల్ట్ వేసిన పెద్దమనిషి పంపుని ఒక పన్ను వెనక ఎక్కించాడు. స్టార్ట్ చేస్తే తెల్ల పొగ, లాగుడు లేదు. మళ్లీ విప్పే ఓపిక లేక, గాడుల్లో పంపు ఒంటినే అడ్వాన్స్ వైపు, అంటే డీజిల్ ముందుగా పడే వైపు, చివరిదాకా తిప్పేసి బండి నడిచేలా చేశాడు. తర్వాత ఎవరూ తికమక పడకూడదని పాపం చుక్కలు కూడా పెట్టాడు. ఇన్నాళ్లూ ఆ రెండు తప్పులూ ఒకదాన్ని ఒకటి కాసుకున్నాయి. మీరు ఒక తప్పు సరిదిద్దారు, రెండోది అలాగే ఉంది. అందుకే డీజిల్ మరీ ముందుగా పడి కొడుతోంది.

పన్ను మాత్రం కదపకండి, మీరు పెట్టిందే సరైనది. పంపు నట్లు, ఇంజెక్టర్ పైపుల నట్లు వదులు చేసి పంపు ఒంటిని గీతలు కలిసేదాకా తిప్పండి. పైపులు వదులు చేయకుండా తిప్పితే అవి వంగుతాయి. తర్వాత చేతి ప్రైమర్‌తో గాలి తీసి స్టార్ట్ చేయండి. గీత కలిస్తే నడిచేంత దగ్గరకి వస్తుంది. ఆఖరి మెరుగు మాత్రం డయల్ గేజితోనే. రాజమండ్రిలో గానీ తాడేపల్లిగూడెంలో గానీ డీజిల్ పంపు పనివాళ్లని పిలిపించండి. పంపు వెనక ప్లగ్గు తీసి గేజి పెట్టి, ప్లంజర్ ఎంత లేచిందో కొలిచి సెట్ చేస్తారు. చెవితో సెట్ చేస్తానంటే మాత్రం టీ తాగించి పంపించెయ్యండి.

మస్కట్_రాజోలు
గురువు గారూ, దండం. గల్ఫ్‌లో ఇలాంటి బండి ఒకటి వస్తే మేం పంపు దించేశాం.

కోనసీమ_క్వాలిస్
గీతలు కలిపి, గాలి తీసి స్టార్ట్ చేస్తే ఆ గులకరాళ్ల శబ్దం పోయింది. ఈ రోజు రాజమండ్రి నుంచి పంపు మేస్త్రీ గేజితో వచ్చి సెట్ చేశాడు, ఇంకా కాస్త మెత్తబడింది. రావులపాలెం బ్రిడ్జి ఎక్కించి దించి చూశాం, ఇదివరకు మూడో గేరు అడిగే చోట నాలుగులో లాగుతోంది. ఉప్పు నీళ్లన్నీ కడిగించి కూలెంట్ పోయించాను, వాటర్ పంపు కూడా మార్చాం.

పాతకాపు గారూ, ఆ టీ-బెల్ట్ లైటు. మీటరు విప్పి చూస్తే అక్కడ బల్బే లేదండి. ఎవరో పీకేశారు.

భీమవరం_చెరువుగట్టు
హహహ! లక్షకోసారి వెలిగి విసిగిస్తోందని మావయ్యగారే తీయించి ఉంటారు.

కోనసీమ_క్వాలిస్
అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

తణుకు_శాంత్రో
మా శాంత్రో కవర్ ఇవాళ విప్పారు. బెల్ట్ మీద అడ్డంగా పగుళ్లు. క్యామ్ సీలు దగ్గర తడి ఉంది. మెకానిక్ తనే “సీలు కూడా తెప్పించండి మేడం” అన్నాడు. ఫోటోలు రేపు పెడతాను, పాతకాపు గారు ఒకసారి చూడండి.

డిపో_పాతకాపు
పెట్టండమ్మా. క్రాంక్ చక్రం చేత్తో ఊపి చూశారేమో కూడా కనుక్కోండి.